చేపలూ మనుషులూ ఒకే నీళ్ళలో

ఆ ఎండాకాలమంతా నా నోరు నాది కాదు. మావారి మాట మరిదికి చేరవెయ్యడం, మరిది మాట మావారికి చేరవెయ్యడం, ఇదే పని. ఇద్దరూ మా భోజనాల బల్లకి అటొకరు ఇటొకరు కూర్చునేవాళ్ళు. ఇద్దరి చెవులూ భేషుగ్గా పనిచేస్తాయి. అయినా సరే, "వాడికి చెప్పు" అని ఈయన, "అన్నయ్యకి చెప్పు వదినా" అని అతను. ఒకపక్క వంట, ఒకపక్క బొమ్మలు గియ్యడం, వాటి మధ్యలో ఈ రాయబారం. నాకు తల ప్రాణం తోకకొచ్చింది.

మావారు స్విమ్మింగ్ పూల్స్ కడతారు, కట్టినవాటి నీళ్ళ బాగోగులు చూస్తారు. ఆయన కొలతలు చెప్తే కాగితం మీద గీసేది నేను. మా మరిది రంగు చేపలు పెంచి అమ్ముతాడు. ఊరికి ఆ చివర ఇల్లు, ఇంటి వెనక వరసగా సిమెంటు తొట్లు. అన్నదమ్ములిద్దరూ నీళ్ళనే నమ్ముకుని బతుకుతున్నారు కానీ ఒకరి గడప ఒకరు తొక్కరు. మా మామగారు పోయిన రోజు మావారు ఎక్కడో పూల్ నింపుతూ, నీళ్ళు సగంలో వదిలి రావడానికి వీల్లేదని ఆలస్యంగా వచ్చారు. వచ్చిన బంధువులందరి ముందూ మరిది, "నీకు నాన్నకన్నా నీళ్ళే ఎక్కువ" అన్నాడు. "చేపలకి మేత జల్లుకునేవాడివి, నీకేం తెలుసురా" అన్నారు ఈయన. ఆ తర్వాత ఒకరితో ఒకరు మాట్లాడుకున్నది లేదు. మా అత్తగారు ఒక నెల మా ఇంట్లో, ఒక నెల చిన్నకొడుకు ఇంట్లో ఉంటూ, ఓ సంచీ పట్టుకుని అటూ ఇటూ తిరుగుతూ ఏళ్ళు గడిపేశారు.

ఇలా ఉండగా హోటలాయన వచ్చాడు. ఊళ్ళో ఒక హోటలుంది ఆయనకి, రెండోది కడుతున్నాడు. దాని వెనక బోలెడంత ఖాళీ స్థలం ఉంది.

"మామూలు పూల్ ఎవరైనా కట్టిస్తారండీ," అన్నాడు, కుర్చీ చూపిస్తే కూర్చోకుండా. "నాకు అందులో చేపలుండాలి. మనిషి ఈదుతుంటే పక్కనే చేప ఈదాలి. బొమ్మ చేపలు కాదు, ప్రాణమున్నవి."

మావారు నవ్వేశారు. "చూడండి, మనుషులు దిగే నీళ్ళలో క్లోరిన్ పౌడరు వెయ్యాలి. వేస్తే చేప చస్తుంది. వెయ్యకపోతే మనిషికి రోగమొస్తుంది. రెండూ ఒక్కచోట కుదరవు."

"మీ తమ్ముడు కుదురుతుందన్నాడే."

మావారి నవ్వు ఆగిపోయింది.

"మా హోటలు హాల్లో చేపల తొట్టె ఆయనదేగా. మొన్న శుభ్రం చెయ్యడానికొస్తే అడిగాను. కష్టమే కానీ అవుతుందన్నాడు. పూల్ మటుకు మా అన్నయ్యే కట్టాలి, ఇంకెవరు కట్టినా నేను చేప ఇవ్వను అని కూడా అన్నాడు."

వీళ్ళిద్దరికీ మాటల్లేవని పాపం ఆయనకి తెలియదు. నేను తలెత్తకుండా గీతలు గీసుకుంటూ కూర్చున్నాను. మావారు గ్లాసు తీసుకుని నీళ్ళు తాగారు. "అలా అన్నాడా?" అన్నారు. హోటలాయన వెళ్ళిపోయాక మళ్ళీ నన్నడిగారు.

"విన్నావుగా. నిజంగా అలా అని ఉంటాడంటావా?"

"ఆయనకేం పనండీ, లేనిపోనివి కల్పించి చెప్పడానికి."

గదిలో అటూ ఇటూ తిరిగారు. కిటికీ తలుపు తీశారు, మళ్ళీ వేశారు. "సరే, రమ్మను. పని మాట వరకే," అన్నారు.

నేను ఫోను చెయ్యడానికి లేచేసరికి అత్తగారు వంటింటి గుమ్మంలో నిలబడి ఉన్నారు. ఎప్పటినుంచి వింటున్నారో ఏమో. లోపల కుళాయి ధారగా పోతూనే ఉంది.

"ఎవర్ని రమ్మంటున్నాడమ్మాయ్?"

"మీ చిన్నబ్బాయిని."

ఆవిడ లోపలికెళ్ళి కుళాయి కట్టేసి, తన గదిలోకి వెళ్ళి మంచం మీద కూర్చున్నారు.

పని మాట వరకే అంటే నాతో చెప్పడం అని మర్నాడు తెలిసొచ్చింది. మరిది వచ్చాడు, చెప్పులు బయట విడిచాడు, వాళ్ళమ్మ దగ్గర కాసేపు కూర్చున్నాడు. తర్వాత బల్ల దగ్గరికొచ్చి కుర్చీ లాక్కుని నా మొహంలోకి చూశాడు. మావారూ నా మొహమే చూశారు.

"నీళ్ళు శుభ్రం చేసేది పౌడరని వాడికి తెలుసేమో అడుగు."

"తెలుసని చెప్పు వదినా. పౌడరు లేకుండా మొక్కలతో కూడా శుభ్రం చెయ్యొచ్చని అన్నయ్యకి తెలుసేమో అడుగు."

"మొక్కలా? నేను కట్టేది పూల్ అని చెప్పు. చెరువులు తవ్వడం నాకు రాదు."

"చెరువు కాదని చెప్పు. ముందు పూర్తిగా వినమని చెప్పు."

నేను ఒకరి మాట ఒకరికి చెప్పాను. మొదటి రోజున నిజంగానే ఒక్కో మాటా మళ్ళీ చెప్పాను, బుద్ధి తక్కువై. తర్వాత అక్కర్లేదని తెలిసింది. నోరు విప్పనక్కర్లేదు, నేను ఆ కుర్చీలో ఉంటే చాలు. ఒకసారి పొయ్యి మీద పాలు పొంగుతుంటే లేచి వెళ్ళాను. బల్ల దగ్గర చప్పుడు లేదు. తొంగి చూస్తే ఇద్దరూ పైకి చూస్తూ కూర్చున్నారు, ఫ్యాను రెక్కలు లెక్కపెడుతున్నట్టు. నేను వచ్చి కూర్చోగానే, సగంలో ఆగిన మాట ఆగినచోటే మొదలైంది.

మరిది ఆలోచన మంచిదే. నాకు మొదట్లో అర్థం కాలేదు కానీ, గీస్తూ ఉంటే తెలిసింది. పెద్ద పూల్ ఒకటి. దాన్నానుకుని లోతు తక్కువగా ఇంకో మడి. ఆ మడి నిండా కంకర, కంకరలో జమ్ము, తుంగ, ఇంకా ఏవేవో నీటి మొక్కలు. పంపు నీళ్ళని పొద్దస్తమానం ఆ కంకరలోంచి తోడిపోస్తూ ఉంటుంది. నీళ్ళలో మురికి వేళ్ళకి ఆహారం. అక్కణ్ణుంచి ఒక గొట్టంలోకి, గొట్టంలో సూక్ష్మక్రిముల్ని చంపే లైటు, లైటు దాటి మళ్ళీ పూల్‌లోకి. పూల్‌లో ఒక పక్క లోతుగా రాళ్ళు పేర్చి చేపలకి ఇల్లు, ఇంకో పక్క మనుషులకి. మధ్యలో నీళ్ళ అడుగున మోకాలెత్తు గట్టు. పైనంతా ఒకే నీళ్ళు.

మావారికి ఇది మింగుడుపడలేదు. ఆయన దళసరి అద్దం ఒకటి నిలువునా పెడదామన్నారు. ఇటు మనుషుల నీళ్ళు, అటు చేపల నీళ్ళు, ఎవరి నీళ్ళు వాళ్ళవి, చూసేవాడి కంటికి మాత్రం ఒకటే. నేను అదీ గీశాను. హోటలాయన వచ్చి రెండు కాగితాలూ చూశాడు.

"అద్దం వెనక చేపలు నా హాల్లో ఉన్నాయి కదండీ," అన్నాడు. "నాకు ఇదే కావాలి." మరిది చెప్పిన దాని మీద వేలు పెట్టాడు.

మావారు మొహం మాడ్చుకున్నారు. మరిది మటుకు గెలిచినవాడిలా ఏమీ కనపడలేదు. "గట్టు కొలతలు అన్నయ్య చెప్పినట్టే ఉంచు వదినా, ఆ లెక్క నాకు తెలియదు," అన్నాడు.

ఆ తర్వాత రోజూ ఇదే. పంపు ఎంత పెద్దది ఉండాలి, గొట్టం ఎటునుంచి రావాలి, చేపల వైపు నీడ ఎలా పడాలి. ఒకరు చెప్పింది గియ్యడం, రెండోవారు వద్దంటే చెరపడం. రబ్బరుతో రుద్ది రుద్ది ఆ కాగితం పలచబడిపోయింది. ఎండలు ముదిరాక మావారికి పాత పూల్స్ పని కూడా ఎక్కువైంది. పొద్దున్నే వెళ్ళి ఎండలో మాడి వచ్చి, ఒళ్ళు కూడా తుడుచుకోకుండా బల్ల దగ్గర కూర్చునేవారు. నాకు నడుము పడిపోయేది. ఒకరోజు విసుగొచ్చి, "మీరిద్దరూ మాట్లాడుకుని నాకు చెప్పండి, నేను పోయి పడుకుంటాను," అన్నాను. ఇద్దరూ నావైపు, నేనేదో అనరాని మాట అన్నట్టు చూశారు. మళ్ళీ కూర్చున్నాను, ఏం చేస్తాను.

నెల మారింది. అత్తగారు చిన్నకొడుకు ఇంటికి వెళ్ళాల్సిన రోజు. ఆవిడ గదిలోకెళ్తే సంచీ గోడకి తగిలించి ఉంది, ఆవిడ మంచం మీద బట్టలు మడతలు పెడుతూ అవి మళ్ళీ అలమారలోనే సర్దుతున్నారు.

"వెళ్ళట్లేదా అత్తయ్యా?"

"వాడు రోజూ ఇక్కడికే వస్తున్నాడుగా. అక్కడికెళ్ళి గోడలు చూస్తూ కూర్చోనా?" అన్నారు. తర్వాత గొంతు తగ్గించారు. "ఇద్దరి గొంతులూ ఒక్కసారే విని ఎంత కాలమైందనుకున్నావ్."

ఆవిడ రోజూ తలుపు ఓరగా తీసి పెట్టుకుని కూర్చోవడం నేను చూస్తూనే ఉన్నాను.

"ఒకళ్ళతో ఒకళ్ళు ఎక్కడ మాట్లాడుకుంటున్నారు అత్తయ్యా? నాతో మాట్లాడుతున్నారు."

"తెలుసు. నువ్వు కాస్త ఓపిక పట్టు తల్లీ. ఈ పని అయ్యేలోపు ఎప్పుడో ఒకప్పుడు నోరు జారకపోతారా."

"జారకపోతే?"

ఆవిడ చీర అంచులు కలిపి సరిచేస్తూ, "జారకపోతే నేను పోయిన రోజున కూడా నీతోనే చెప్పించుకుంటారు. తల వైపు ఎవరు పట్టాలి, కాళ్ళ వైపు ఎవరు పట్టాలి అని. మరి నీకు తప్పదు," అన్నారు.

తమాషాకి అన్నట్టే అన్నారు. నాకు మాత్రం కళ్ళనీళ్ళు తిరిగాయి. ఆవిడకి మొహం కనపడకుండా అటు తిరిగి, తువ్వాళ్ళు తీసుకుని మడత పెట్టడం మొదలుపెట్టాను. మా ఇద్దరికీ ఆ పూల్ మీద ఆశ ఎందుకో అప్పటికి బాగానే తెలుసు. అది కట్టాలంటే నెలల పని. అన్ని నెలలు ఎదురుబొదురు కూర్చుంటే ఎంత పంతమైనా కరగాలి.

హోటలాయన మాత్రం తొందరపడే మనిషి కాదు. "ముందు చిన్నది కట్టి చూపించండి," అన్నాడు. "అందులో చేపలు బతకాలి, నీళ్ళు పరీక్షలో నెగ్గాలి. అప్పుడు పెద్దది మీదే." అలా ఆ ఖాళీ స్థలంలో ఓ మూల చిన్న పూల్ తవ్వారు. మావారు గోడ కట్టారు, మరిది మడి వేశాడు. నేను గొడుగు వేసుకుని ఇద్దరి మధ్యా నిలబడ్డాను.

నీళ్ళు నింపిన కొన్నాళ్ళకే పచ్చబడిపోయాయి. మావారి ఆనందం చూడాలి.

"చూశావా రంగు? వాడికి చూపించు. ఇందులో మనుషుల్ని దింపుతాడట."

"మొక్కలు వేళ్ళూనుకునేదాకా అంతేనని చెప్పు వదినా. అందులో చెయ్యి పెట్టొద్దని, మందు వెయ్యొద్దని కూడా చెప్పు."

"నేనెందుకు వేస్తాను? నాకేం పని?"

మరిది చెప్పినట్టే జమ్ము నిలదొక్కుకుంది, నీళ్ళు తేటపడ్డాయి. ఒకరోజు పొద్దున వెళ్తే అడుగున గులకరాళ్ళు కూడా కనపడుతున్నాయి. నీళ్ళు సీసాలో పట్టి పరీక్షకి పంపితే మంచివేనని వచ్చింది. మావారు ఆ కాగితం చదివి నాకిచ్చేశారు. పూల్ దగ్గరికెళ్ళి చెయ్యి ముంచి వాసన చూసుకున్నారు.

"పౌడరు వాసన లేకపోతే నాకు శుభ్రంగా ఉన్నట్టే అనిపించదు," అన్నారు నాతో.

ఆయన తప్పు కూడా కాదు. పూల్ పని చేసేవాళ్ళందరికీ ఒకటే అలవాటు. సాయంత్రం సైటు వదిలి వెళ్ళేటప్పుడు డబ్బాలో చెయ్యి పెట్టి, గుప్పెడు పౌడరు తీసి నీళ్ళమీద విసురుతారు. మనం ఇంటికి తాళం వేసినట్టు. పెళ్ళైన కొత్తలో ఒకసారి నన్ను చెరువు గట్టుకి షికారు తీసుకెళ్ళి, తిరిగి వచ్చేటప్పుడు ఖాళీ చేత్తో నీళ్ళమీదికి ఒక విసురు విసిరారు. అప్పుడు పడీ పడీ నవ్వాను.

నీళ్ళు నెగ్గాక మరిది చేపలు తెచ్చాడు. పెద్ద పెద్ద డ్రమ్ముల్లో, గాలి గొట్టాలు పెట్టి, బండిని నడకంత నెమ్మదిగా నడుపుకుంటూ వచ్చాడు. చూసి ఆశ్చర్యపోయాను. కొట్లో అమ్మే చేపలు కావవి. అతని తొట్లలో పిల్లలు పెట్టే పాత చేపలు, మూరెడేసి ఉన్నాయి. ఎంతమంది అడిగినా అతను అమ్మనివి.

"ఇవెందుకు తెచ్చావయ్యా? చిన్నవి వేస్తే పోలేదా?"

"చిన్నవి దేనికైనా చస్తాయి వదినా. ఇవి గట్టివి," అన్నాడు. గొట్టం చుట్టుకుంటూ, నాకొక్కదానికే వినపడేలా, "అన్నయ్య కట్టిన దాంట్లో చేప బతకలేదన్న మాట రాకూడదు," అన్నాడు.

ఆ మాట మావారికి చెప్పమని అతను అనలేదు. నేనే ఇంటికెళ్ళాక చెప్పాను. ఆయన అన్నం కలుపుతూ ఆగి, మళ్ళీ కలుపుకున్నారు.

ఆ తర్వాత ఆయన అటువైపు పని ఉన్నా లేకపోయినా ఆ చేపల్ని చూసి వచ్చేవారు. ఒకరోజు ముగ్గురం గట్టు మీద కూర్చున్నాం. మావారు ప్యాంటు మడిచి కాళ్ళు నీళ్ళలో పెట్టారు. ఎర్రమచ్చల చేప ఒకటి వచ్చి ఆయన మడమ దగ్గర నోటితో కొరికినట్టు చేసింది. ఆయన గబుక్కున కాలు లాక్కుని నవ్వారు. మరిది కూడా నవ్వాడు. ఇద్దరి నవ్వూ అచ్చం ఒకేలా ఉంటుందని మర్చిపోయాను. ఒక్క క్షణం ఒకరినొకరు చూసుకున్నారు.  అంతలో ఇద్దరూ ఒకేసారి నావైపు తిరిగారు.

"దానికి ఆకలేస్తోందేమో అడుగు."

"ఇందాకే మేత వేశానని చెప్పు."

ఆ రోజు ఇంటికొచ్చి అత్తగారికి ఈ సంగతి చెప్తే, "నవ్వారా? ఇద్దరూనా?" అని గుచ్చి గుచ్చి అడిగారు. ఎవరు ముందు నవ్వారో కూడా చెప్పాల్సి వచ్చింది.

హోటలాయన చూడటానికి వస్తానన్న రోజు దగ్గరపడింది. ఎండ మండిపోతోంది. ఊళ్ళో పూల్స్ అన్నీ జనంతో కిటకిటలాడుతున్నాయి. ఒకచోట నీళ్ళు మసకబారాయని, ఒకచోట పంపు ఆగిందని మావారిని పీక్కు తింటున్నారు. ముందు రోజు ఆయన కాళ్ళకి చక్రాలు కట్టుకున్నట్టు ఒక పూల్ నుంచి ఇంకో పూల్‌కి తిరిగారు. బండి నేను నడిపాను. ప్రతిచోటా దిగడం, డబ్బా తీసుకెళ్ళడం, రావడం. సాయంత్రానికి ఆయన కళ్ళు మూతలు పడుతున్నాయి. చివర్న హోటలు దగ్గర ఆపమన్నారు, పంపు చూసొస్తానని. నేను స్టీరింగ్ మీద తల వాల్చి కూర్చున్నాను. కాసేపటికి వచ్చి డబ్బా వెనక పెట్టి ఎక్కారు.

"నడుస్తోందా?"

"ఆఁ," అన్నారు. మలుపు తిరిగేలోపే నిద్రపోయారు.

మర్నాడు పొద్దున మేం వెళ్ళేసరికి మరిది అప్పటికే అక్కడ ఉన్నాడు. గట్టు మీద మోకాళ్ళ మీద కూర్చుని ఉన్నాడు. మమ్మల్ని చూసి లేవలేదు. చేపలన్నీ పైకొచ్చి నోళ్ళు తెరుస్తున్నాయి. కొన్ని పక్కకి ఒరిగి ఈదలేక ఈదుతున్నాయి. ఎర్రమచ్చల చేప పొట్ట పైకి పెట్టి జమ్ము మొక్కల దగ్గర తేలుతోంది.

మరిది దోసిట్లోకి నీళ్ళు తీసుకుని వాసన చూశాడు.

"ఎవరో కుళాయి నీళ్ళు వదిలినట్టున్నారు వదినా. వాటిలో క్లోరిన్ ఉంటుంది. తోటమాలిని అడగాలి."

తోటమాలి ఆ చివర పైపు పట్టుకుని మొక్కలకి నీళ్ళు పెడుతున్నాడు. అతనికి ఇదేమీ తెలియదు.

నేను మావారి వైపు తిరిగాను. ఆయన తన కుడిచెయ్యి చూసుకుంటున్నారు.  ఆయన ఊరుకుంటే చాలు. తప్పు ఆ కుళాయి మీదికో తోటమాలి మీదికో పోతుంది, తమ్ముడికి ఎన్నటికీ తెలియదు. హోటలాయనకి కూడా ఏదో ఒకటి చెప్పుకోవచ్చు. నిజం చెప్తున్నాను, ఆయన ఊరుకుంటారనే అనుకున్నాను.

"కుళాయి కాదు," అన్నారు. "నేనే. నిన్న వెళ్తూ పౌడరు వేశాను. కావాలని కాదు. అలవాటుకొద్దీ చెయ్యి దానంతటదే పోయింది."

మరిది లేచి నిలబడ్డాడు. 

"వదినా, ఎంత వేశాడో..." అని మొదలుపెట్టాడు. నీళ్ళలో ఇంకో చేప ఒరిగింది. అతను నన్ను దాటుకుని వెళ్ళాడు.

"ఎంత వేశావ్?"

"గుప్పెడు."

"ఒకటేనా?"

"రెండు. రెండోది కాస్త తక్కువ."

"ఏదీ, చెయ్యి చూపించు."

మావారు చెయ్యి చాపారు. తమ్ముడు ఆ చెయ్యి పట్టుకుని వేళ్ళు మూసి చూశాడు, తెరిచి చూశాడు, ఎంత పడుతుందోనని. తర్వాత బండి దగ్గరికి పరుగెత్తి క్లోరిన్‌కి విరుగుడు డబ్బా తెచ్చాడు. బకెట్లో కలిపి నీళ్ళమీద పోస్తూ, "నిలబడి చూస్తావేంటి, దిగు. డ్రమ్ములోకి ఎత్తాలి. తల కింద చెయ్యి పెట్టు, తోక పట్టుకోకు," అన్నాడు.

మావారు చొక్కాతోనే దిగారు. ఇద్దరూ నడుము లోతు నీళ్ళలో చేపల్ని రెండు చేతులమీదా ఎత్తి డ్రమ్ముల్లో వేస్తున్నారు. నేను డ్రమ్ముల్లో గాలి గొట్టాలు పెట్టాను. నాతో ఎవరూ ఏమీ అనలేదు.  ఆ తర్వాత మొదలైంది.

"నీకు ఈ నీళ్ళమీద నమ్మకం లేదు. ఆ మాట ముందే చెప్పి చావొచ్చుగా."

"చెప్పాను."

"ఎవరికి చెప్పావ్? వదినకి చెప్పావ్."

"నీకు చెప్తే ఎప్పుడు విన్నావురా? పుట్టి బుద్ధెరిగాక ఒక్క మాట విన్నావా నాది?"

"వినకుండానే నువ్వే కట్టాలని కూర్చున్నానా?"

హోటలాయన చెప్పిన వేళకే వచ్చాడు. గట్టు మీద వరసగా పడుకోబెట్టిన చచ్చిన చేపల్ని చూశాడు. నీళ్ళలో అరుచుకుంటున్న ఇద్దర్నీ చూశాడు. ఏమైందని నన్నడిగితే, ఉన్నదున్నట్టు చెప్పాను. 

"వద్దులేమ్మా," అన్నాడు ఆయన. "నాకు మామూలు పూల్ చాలు. వేరే వాళ్ళని చూసుకుంటాను. వాళ్ళకి చెప్పండి."

"మీరే చెప్పండి," అన్నాను.

నా నోటి నుంచి ఆ మాట ఎలా వచ్చిందో నాకే తెలియదు. ఆయన నీళ్ళ వైపు రెండడుగులు వేశాడు. వాళ్ళు ఆయన్ని చూడనైనా చూడలేదు. వెనక్కి తిరిగి వెళ్ళిపోయాడు. ఎండాకాలమంతా పడ్డ కష్టం అలా పోయింది. ఆ హోటల్లో పూల్ తర్వాత ఎవరో కట్టారు, మేం చూడలేదు. చేపల్లో బతికినవి సగం కూడా లేవు.

నేను గట్టు మీద చతికిలబడ్డాను.  అప్పుడు ఫోను మోగింది. అత్తగారు.

"ఆయన వచ్చాడా అమ్మాయ్? చూశాడా?"

"వచ్చాడత్తయ్యా. చేపలు చచ్చిపోయాయి. వద్దనేసి వెళ్ళిపోయాడు. పని పోయింది."

"అయ్యో," అన్నారు. అంతలోనే, "ఏంటా అరుపులు?" అన్నారు.

"మీ కొడుకులు. తిట్టుకుంటున్నారు."

"నిన్నా?"

"నన్ను కాదు. ఒకళ్ళనొకళ్ళు."

 ఫోను తెగిపోయిందేమోనని చూశాను. తెగలేదు.

"నువ్వు మధ్యలోకి వెళ్ళకు," అన్నారు.  "ఆ ఫోను కాస్త అటు పెట్టు తల్లీ. నన్ను విననియ్యి."

లేచి గట్టు అంచుకి వెళ్ళి ఫోను నీళ్ళ వైపు చాపి నిలబడ్డాను. మావారు చచ్చిన చేపని రెండు చేతుల్లో పట్టుకుని మామగారిని ఆస్పత్రిలో చేర్చిన రోజు సంగతి ఎత్తారు. నాకు కబురు పంపావా ఆ రోజు అంటున్నారు. పంపాను, నువ్వు రాలేదు అంటున్నాడు తమ్ముడు. పంపలేదు, పంపాను, అబద్ధాలాడకు, నువ్వాడకు. ఎవరూ ఆపలేదు. చెయ్యి నొప్పి పుడితే ఫోను ఇంకో చేతిలోకి మార్చుకున్నాను.